పాత ఆటోపైలట్‌కు జీపీఎస్ స్టీరింగ్: చిన్న పెట్టె చాలా, డిస్‌ప్లే మార్చాలా, మొత్తం కొత్తదే పెట్టాలా?

పోయిన నెలలో ఒక శనివారం రాత్రి డల్లాస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడూ, ఇంకో ముగ్గురు స్నేహితులూ కలిసి ఒక పాత పైపర్ ఆర్చర్ కొన్నారు. నలుగురూ మనవైపు వాళ్లే. ఒకడిది కావలి, ఒకడిది కందుకూరు, మిగతా ఇద్దరిదీ ఒంగోలు.

"మామయ్యా, ఆటోపైలట్ ఉంది, జీపీఎస్ ఉంది. కానీ రెండింటికీ మాటల్లేవు. ఒక షాపులో చిన్న పెట్టె పెడితే చాలన్నారు. ఇంకో షాపులో ఉన్నదంతా పీకి కొత్తది పెట్టుకోమన్నారు. మేం నలుగురం తలా ఒక మాట అంటున్నాం. ఏం చేయమంటావు?"

ఇరవై రెండేళ్లు విమానాల ఏవియానిక్స్ పనిలో వైర్లు లాగి, ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. మన జిల్లాల నుంచి పైలట్ శిక్షణకు వెళ్లిన పిల్లలూ, అమెరికాలో చిన్న విమానంలో వాటా కొనుక్కున్నవాళ్లూ ఇదే ప్రశ్న అడుగుతున్నారు. వాడికి ఆ రాత్రి రెండు గంటలు చెప్పిన విషయం, కాగితం మీద లెక్కలు కూడా వేసి ఇక్కడ రాస్తున్నాను. నా సలహా ముందే చెప్తాను. ఏ పెట్టె కొనాలో తేల్చుకునే ముందు, ప్యానెల్‌లో ఇప్పటికే ఏముందో, అది ఎంత బాగా పనిచేస్తుందో తేల్చుకోండి. చాలా విమానాల్లో సగం పని అయిపోయే ఉంటుంది. కొన్నిటిలో మాత్రం ఏ పెట్టె పెట్టినా డబ్బు వృథా.

గాలి, సూది, జీపీఎస్

నెల్లూరు నుంచి ఒంగోలు దాదాపు నేరుగా ఉత్తరం. గాల్లో లెక్కేస్తే సుమారు 117 కిలోమీటర్లు, అంటే 63 నాటికల్ మైళ్లు. 100 నాట్ల (గంటకు 100 నాటికల్ మైళ్ల) వేగంతో పోయే చిన్న విమానానికి 38 నిమిషాల దారి. జూన్, జూలైలో మన పైన పడమటి గాలి వీస్తుంది. అది 20 నాట్లు ఉందనుకోండి. హెడింగ్ బగ్‌ను, అంటే దిక్సూచి మీద దిశ పెట్టుకునే గుర్తును, ఉత్తరానికి పెట్టి వదిలేస్తే ఆటోపైలట్ విమానం ముక్కును ఉత్తరానికే పట్టుకుని ఉంటుంది. గాలి మాత్రం విమానాన్ని తూర్పుకు తోస్తూనే ఉంటుంది. 38 నిమిషాలయ్యేసరికి మీరు ఒంగోలుకు తూర్పున 23 కిలోమీటర్ల దూరాన ఉంటారు. అంటే కొత్తపట్నం తీరం దాటి సముద్రం మీద. ఏట్లో పడవ దాటించేవాడికి ఇది చెప్పక్కర్లేదు. ఎదుటి రేవుకు చేరాలంటే పడవ ముక్కును ప్రవాహానికి ఎదురుగా కొంచెం తిప్పి పట్టాలి. మన లెక్కలో ఆ కొంచెం 11.5 డిగ్రీలు.

ఇలా బగ్‌ను పట్టుకుని పోయే హెడింగ్ మోడ్‌లో ఆ సర్దుబాటు మీరు చేయాలి. దారిని పట్టుకుని పోయే నావ్ మోడ్‌లో ఆటోపైలట్ చేస్తుంది కానీ, దానికి కనిపించేది దారి తేడా చూపే ఒక్క సూదే. దారికి ఎడమన ఉన్నామా, కుడిన ఉన్నామా, ఎంత దూరంలో ఉన్నాం అన్నది తప్ప దానికి ఇంకేమీ తెలియదు. వాస్ (జీపీఎస్ తప్పును సరిదిద్దే ఉపగ్రహ సంకేతం) ఉన్న జీపీఎస్‌లో ప్రయాణం మధ్యలో ఆ సూది ఒక చివర నుంచి మధ్యకు 2 నాటికల్ మైళ్లు. అంత పెద్ద కొలతలో చిన్న తేడా కనిపించదు. తేడా పెరిగి సూది జరిగాక ఆటోపైలట్ తిప్పుతుంది, దాటిపోతుంది, మళ్లీ వెనక్కి తిప్పుతుంది. మ్యాప్ మీద దారి చూస్తే పాము పాకినట్టు ఉంటుంది. మలుపు దగ్గర ఇంకా కష్టం. వేపాయింట్ (దారిలో మలుపు గుర్తు) వస్తోందని దానికి ముందుగా తెలియదు. కొత్త కోర్సును మీరు చేత్తో తిప్పి పెట్టాలి. ఆ సమయానికి మీరు రేడియోలో మాట్లాడుతుంటే విమానం మలుపు దాటి పోతుంది.

జీపీఎస్ స్టీరింగ్‌ను వర్క్‌షాపుల్లో జీపీఎస్ఎస్ అనీ, రోల్ స్టీరింగ్ అనీ అంటాం. ఇందులో ఆలోచించే పని జీపీఎస్ తీసుకుంటుంది. నేల మీద వేగం, నిజంగా పోతున్న దిశ, దారి నుంచి ఎంత పక్కకు ఉన్నాం, తర్వాతి మలుపు ఎటు అన్నవి అన్నీ దానికి తెలుసు. వాటిని కలిపి "ఇప్పుడు రెక్క ఇన్ని డిగ్రీలు వాల్చు" అని లెక్క తేలుస్తుంది. ఆ ఆజ్ఞ ఏరింక్ 429 అనే డిజిటల్ భాషలో రెండు మెలిపెట్టిన వైర్ల మీద వస్తుంది. పాత ఆటోపైలట్‌కు ఆ భాష రాదు. దానికి వచ్చింది వోల్టేజీ భాష. హెడింగ్ బగ్ ఎంత పక్కన ఉందో చెప్పే వోల్టేజీ. అందుకే మధ్యలో ఒక దుబాసి కావాలి. అది జీపీఎస్ ఆజ్ఞను "బగ్ ఇంత తిరిగింది" అన్న వోల్టేజీగా మార్చి ఇస్తుంది. ఆటోపైలట్ హెడింగ్ మోడ్‌లోనే ఉండి, ఎవరో నిపుణుడు బగ్‌ను నిమిషనిమిషానికీ సర్దుతున్నాడనుకుని ఎగురుతుంది.

ఫలితం మలుపులో స్పష్టంగా కనిపిస్తుంది. 100 నాట్ల వేగంతో స్టాండర్డ్ రేటులో, అంటే సెకనుకు 3 డిగ్రీల చొప్పున, తిరిగితే వృత్తం వ్యాసార్ధం సుమారు 0.53 నాటికల్ మైళ్లు, అంటే ఒక కిలోమీటరు లోపే. 90 డిగ్రీల మలుపు తిరగాలంటే వేపాయింట్‌కు అంత దూరం ముందే, అంటే 19 సెకన్ల ముందే, రెక్క వాల్చడం మొదలుపెట్టాలి. జీపీఎస్ ఈ లెక్క వేసుకుని వాలుస్తుంది. విమానం కొత్త దారి మీద మెత్తగా వచ్చి కూర్చుంటుంది.

ఇంకో లాభం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. పాత గైరో దిక్సూచి భూమి తిరగడం వల్లే గంటకు కొంత పక్కకు జారుతుంది. నెల్లూరు అక్షాంశంలో అది గంటకు 3.7 డిగ్రీలు, డల్లాస్ దగ్గర 8 డిగ్రీలు. బేరింగులు అరిగితే ఆ పైన ఇంకా. అందుకే పావుగంటకోసారి అయస్కాంత దిక్సూచి చూసి సరిచేసుకోమని నేర్పుతారు. జీపీఎస్ స్టీరింగ్‌లో ఉన్నంతసేపు ఆ జారుడు మీ దారిని చెడగొట్టదు. ఆజ్ఞ వస్తున్నది గైరో నుంచి కాదు కదా.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. ఇది కుడి ఎడమల సంగతి మాత్రమే. ఎత్తు, దిగడం దీని పని కాదు. ఎల్‌పీవీ అప్రోచ్‌లో, అంటే జీపీఎస్ ఎత్తు కూడా చూపుతూ రన్‌వే వైపు దింపే పద్ధతిలో, కిందికి దిగాలంటే, ఆ సౌకర్యం ఉన్న ఆటోపైలట్‌ను సమయానికి అప్రోచ్ మోడ్‌లోకి మార్చుకోవాలి. హెడింగ్ మోడ్‌లోనే వదిలేస్తే చాలా పాత ఆటోపైలట్లు గ్లైడ్‌స్లోప్‌ను (దిగే వాలు దారిని) పట్టుకోవు.

కొనేముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ఆటోపైలట్ ఆరోగ్యం. చాలా ఏళ్ల క్రితం ఒక శిక్షణ సంస్థ విమానానికి మేము కన్వర్టర్ (పైన చెప్పిన దుబాసి పెట్టె) బిగించాం. యజమాని పెట్టె ముందే కొని తెచ్చుకున్నారు. ఎగిరి చూస్తే రెక్కలు ఊయలలా అటూ ఇటూ ఊగుతున్నాయి. పెట్టె చెడిపోయిందని వెనక్కి పంపారు, ఇంకోటి వచ్చింది, మళ్లీ అదే ఊపు. చివరికి చూస్తే ఐలెరాన్ సర్వోకు (విమానాన్ని పక్కకు వాల్చే మోటారుకు) వెళ్లే కేబుల్ వదులైపోయి ఉంది, సర్వో క్లచ్ కూడా అరిగింది. మూడు వారాలు విమానం నేల మీదే ఉంది, పిల్లల శిక్షణ ఆగిపోయింది. ఆ రోజుల్లో వాళ్ల మొహాలు చూడటం నాకు ఇప్పటికీ బాధే. బిగించే ముందు సాదా హెడింగ్ మోడ్‌లో ఒక్కసారి ఎగిరి చూసి ఉంటే సరిపోయేది.

మీరు కూడా అదే చేయండి. గాలి నెమ్మదిగా ఉన్న ఉదయం హెడింగ్ మోడ్ పెట్టి, బగ్‌ను 30 డిగ్రీలు, తర్వాత 90 డిగ్రీలు తిప్పి చూడండి. మెత్తగా వాలి, బగ్ దగ్గర ఆగి, అక్కడే నిలిస్తే ఆటోపైలట్ బాగుంది. దాటిపోయి వెనక్కి వస్తున్నా, ఊగుతున్నా, ఒక వైపు వాలినంత ఇంకో వైపు వాలకపోయినా ముందు దానికి వైద్యం చేయించండి. జీపీఎస్ ఎంత మంచి ఆజ్ఞ ఇచ్చినా దాన్ని అమలు చేసేది ఆ సర్వోనే.

తర్వాత ఆటోపైలట్‌కు హెడింగ్ మోడ్, బగ్ ఉన్న డైరెక్షనల్ గైరో (గైరో దిక్సూచి) ఉన్నాయో లేదో చూడండి. రెక్కలు సమంగా ఉంచే వింగ్ లెవెలర్ మాత్రమే ఉంటే ఆజ్ఞ ఇవ్వడానికి దారే లేదు.

మూడోది జీపీఎస్. గార్మిన్ జీఎన్ఎస్ 430, 530, వాటి వాస్ రూపాలు, జీటీఎన్ 650, 750, అవిడైన్ ఐఎఫ్‌డీ 440 లాంటివి రోల్ స్టీరింగ్ ఆజ్ఞ ఇస్తాయి. వాస్ లేని పాత 430 మలుపులు బాగానే తిప్పుతుంది కానీ, హోల్డింగ్ (ఆగమన్న చోట గాల్లో చుట్లు తిరగడం), ప్రొసీజర్ టర్న్ (దిగే దారి వైపు వెనక్కి తిరిగే మలుపు) లాంటివి దానంతట అది తిప్పి చూపాలంటే 430డబ్ల్యూ లేదా ఆ తర్వాతి తరం కావాలి. ఐప్యాడ్‌లో ఉన్న యాప్ ఎంత అందంగా దారి చూపించినా, సర్టిఫైడ్ విమానంలో ఆటోపైలట్‌ను నడపడానికి అది పనికిరాదు.

మిగిలినవి మీ సంగతులు. వాతావరణం బాగున్నప్పుడే ఎగురుతారా, మబ్బుల్లో ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లు (పరికరాలు చూస్తూ దిగడం) చేస్తారా? విమానాన్ని ఎన్నేళ్లు ఉంచుకుంటారు? ఎన్ని రోజులు నేల మీద ఉంచగలరు? కాగితాలు కూడా ఇక్కడే అడగండి. అమెరికాలో ఎస్‌టీసీ (మార్పుకు ఆమోద పత్రం), ఫారం 337 (మార్పు నమోదు పత్రం), ఫ్లైట్ మాన్యువల్‌కు అనుబంధం ఉండాలి. వీటీ నంబరున్న మన విమానానికైతే మార్పుకు డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదం ఉండాలి. అమెరికాలో ఎస్‌టీసీ ఉంది కదా అని ఇక్కడ నేరుగా బిగించుకోవడం కుదరదు.

మొదటి దారి: ఏమీ కొనకుండా వైర్ కలపడం

ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ నేను చూసిన విమానాల్లో ఇలాంటివి ఉన్నాయి. ఎస్-టెక్ 55ఎక్స్ ఆటోపైలట్‌లో జీపీఎస్ స్టీరింగ్ లోపలే ఉంది. నావ్ బటన్ రెండుసార్లు నొక్కితే ఆ మోడ్ వస్తుంది. జీపీఎస్ బిగించినప్పుడు ఆ రెండు వైర్లు లాగకుండా వదిలేసిన విమానాలుంటాయి. యజమానికి తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. వైరింగ్ బొమ్మ తీసి చూడమని షాపును అడగండి. మీ ప్యానెల్‌లో ఆస్పెన్ లాంటి గాజు డిస్‌ప్లే ఇప్పటికే ఉంటే కూడా ఇదే అనుమానం పెట్టుకోండి. కొన్ని గంటల కూలీతో పని అయిపోవచ్చు.

రెండో దారి: కన్వర్టర్ పెట్టె

ఎస్-టెక్ ఎస్‌టీ-901, డాక్ వాళ్ల జీడీసీ31 ఈ రకానివి. పని ఒక్కటే. ఏరింక్ ఆజ్ఞను హెడింగ్ వోల్టేజీగా మార్చడం. ప్యానెల్ మీద ఒక స్విచ్, ఒక దీపం వస్తాయి. స్విచ్ ఒక వైపు నొక్కితే బగ్, ఇంకో వైపు నొక్కితే జీపీఎస్.

దీని బలం ఏమిటంటే ఉన్నదాన్ని కదిలించదు. గైరో, సర్వోలు, కంప్యూటర్ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. విమానం నేల మీద ఉండే రోజులు తక్కువ, ఖర్చు మిగతా దారుల కన్నా బాగా తక్కువ. బలహీనతా అదే. పాత గైరో పాతదే, దాన్ని తిప్పే పాత వాక్యూమ్ పంపు పాతదే. ఆటోపైలట్ కంప్యూటర్ రేపు పోతే మీరు పెట్టిన పెట్టె పక్కన పడి ఉంటుంది.

బిగించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. అన్ని ఆటోపైలట్ల హెడింగ్ వోల్టేజీ ఒక్కటి కాదు. బెండిక్స్‌కింగ్ రకాల్లో డీసీ, సెంచురీ రకాల్లో ఏసీ. కన్వర్టర్‌ను మీ ఆటోపైలట్‌కు తగ్గట్టు సెట్ చేయాలి. రెండోది వాలు పరిమితి. జీపీఎస్ 25 డిగ్రీలు వాల్చమంటే మీ ఆటోపైలట్ 18 దగ్గరే ఆగిపోతే ప్రతి మలుపులోనూ బయటికి పోతారు. గెయిన్‌ను (ఆజ్ఞకు ఎంత వాలాలో చెప్పే సర్దుబాటును) గాల్లో సర్దాలి. "నేల మీద టెస్ట్ చేశాం, చాలు" అనే షాపు నుంచి విమానం తెచ్చుకోకండి.

ఆ స్విచ్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. కంట్రోలర్ "270కి తిరగండి" అంటాడు. మీరు బగ్ 270కి తిప్పుతారు. స్విచ్ జీపీఎస్ వైపే ఉంటే బగ్ మాట ఎవరూ వినరు. విమానం జీపీఎస్ చెప్పిన దారినే పోతుంది. రద్దీగా ఉండే గగనతలంలో ఇది ప్రమాదం. కాబట్టి స్విచ్ దీపం మీ కంటి ఎదురుగా ఉండాలి. రేడియోల కింద మూలన పెడతానంటే ఒప్పుకోకండి.

మూడో దారి: గాజు డిస్‌ప్లేతో పాటు

పాత గైరోలు ఎలాగూ మార్చాల్సిన వయసు వస్తే ఇది మంచి దారి. ఆస్పెన్ ఎవల్యూషన్ 1000 ప్రో, గార్మిన్ జీఐ 275, గార్మిన్ జీ5 హెచ్ఎస్ఐ (దిక్కు, దారి కలిపి చూపే డిస్‌ప్లే) పాత ఆటోపైలట్‌కు జీపీఎస్ స్టీరింగ్ ఇవ్వగలవు. జీ5 విషయంలో ఒక అక్షరం దగ్గర మోసపోతారు. పాత ఆటోపైలట్‌కు హెడింగ్ వోల్టేజీ ఇవ్వాలంటే దానికి తోడు జీఏడీ 29బీ అనే అడాప్టర్ కావాలి. బీ లేని జీఏడీ 29 జీపీఎస్ సమాచారం తెస్తుంది, అంతవరకే. కొటేషన్‌లో ఏది రాశారో చూసుకోండి.

ఇందులో డబ్బు ఒక్క స్టీరింగ్ కోసమే పోదు. అయస్కాంత సెన్సార్‌తో నడిచే హెడింగ్ వస్తుంది, పావుగంటకోసారి సరిచేసుకునే పని తప్పుతుంది. రేపు ఆటోపైలట్ మార్చినా చాలా సందర్భాల్లో డిస్‌ప్లే అలాగే ఉంటుంది. అందుకే కొన్నేళ్లు విమానం ఉంచుకునేవాళ్లకు నేను ఈ దారి వైపే మొగ్గుతాను.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ ఆటోపైలట్ దేన్ని చూసి రెక్క వాలు తెలుసుకుంటుంది? ఎస్-టెక్ 30 లాంటివి కరెంటుతో నడిచే టర్న్ కోఆర్డినేటర్‌ను (మలుపు చూపే పరికరాన్ని) చూస్తాయి. వాటితో గొడవ లేదు. కేఎఫ్‌సీ 150 లాంటివి కేఐ 256 అనే వాక్యూమ్ గైరోను చూస్తాయి. దాన్ని తీసేసి జీ5 పెడితే ఆటోపైలట్‌కు కళ్లు పోయినట్టే. పాత ఆటోపైలట్‌కు వాలు సమాచారం జీ5 ఇవ్వదు. జీఐ 275లో ఆ పనికి తగిన రకం ఉంది. వాక్యూమ్ పంపు తీసేద్దామని ముచ్చటపడే ముందు ఈ ప్రశ్న అడగండి.

నాలుగో దారి: కొత్త ఆటోపైలట్

గార్మిన్ జీఎఫ్‌సీ 500, ఎస్-టెక్ 3100, బెండిక్స్‌కింగ్ ఏరోక్రూజ్ 100, ట్రయో ప్రో పైలట్. వీటన్నిటిలో జీపీఎస్ స్టీరింగ్ పుట్టుకతోనే ఉంటుంది. జీఎఫ్‌సీ 500కు తోడుగా జీ5 గానీ జీఐ 275 గానీ తప్పనిసరి, ఆ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. ఎస్-టెక్ 3100 పెట్టేటప్పుడు కొన్ని పాత ఎస్-టెక్ సర్వోలను అలాగే ఉంచుకోవచ్చు. ఏది తీసుకున్నా మీ విమానం మోడల్ వాళ్ల ఆమోద జాబితాలో ఉండాలి.

ఖర్చు అన్నిటికన్నా ఎక్కువ. విమానం వారాలు షాపులో ఉంటుంది. కానీ ఇక్కడ మీరు కొంటున్నది స్టీరింగ్ ఒక్కటే కాదు. జీఎఫ్‌సీ 500లో లెవెల్ బటన్ ఉంది. మబ్బులో దిక్కు తెలియక తల తిరిగినప్పుడు ఆ ఒక్క బటన్ నొక్కితే విమానం సమంగా నిలుస్తుంది. చేత్తో నడుపుతున్నప్పుడు రెక్క మరీ వాలిపోతుంటే చిన్నగా వెనక్కి తోసే రక్షణ కూడా ఉంది. ఎత్తు ముందే పెట్టుకుంటే అక్కడ ఆగుతుంది, ఎల్‌పీవీ అప్రోచ్‌లో కిందిదాకా దింపుతుంది. పిల్లల్ని ఎక్కించుకుని రాత్రిళ్లు, మబ్బుల్లో తిరిగేవాళ్లు ఈ మాటను పక్కన పెట్టొద్దని నేను చేతులు పట్టుకుని చెప్తాను.

| చూడాల్సింది | వైర్ కలపడం | కన్వర్టర్ | గాజు డిస్‌ప్లే | కొత్త ఆటోపైలట్ |
|---|---|---|---|---|
| ఖర్చు | చాలా తక్కువ | తక్కువ | మధ్యస్థం | బాగా ఎక్కువ |
| విమానం ఆగే కాలం | ఒకటి రెండు రోజులు | కొన్ని రోజులు | వారం, ఆ పైన | వారాలు |
| ఆటోపైలట్ బాగుండాలా? | తప్పనిసరి | తప్పనిసరి | తప్పనిసరి | అవసరం లేదు |
| పాత గైరో బాధ | జీపీఎస్‌లో ఉన్నంతసేపు ఉండదు | జీపీఎస్‌లో ఉన్నంతసేపు ఉండదు | పోతుంది | చాలావరకు పోతుంది |
| ఎత్తు, దిగడం | ఉన్నదే | ఉన్నదే | ఉన్నదే | కొత్తగా వస్తుంది |
| తర్వాత పనికొస్తుందా? | ఆటోపైలట్ ఉన్నంతవరకు | ఆటోపైలట్ ఉన్నంతవరకు | వస్తుంది | వస్తుంది |

ఎవరికి ఏది?

ఆదివారం ఉదయం ఎగిరి, ఎక్కడో టిఫిన్ తిని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్లకు కన్వర్టరే ఎక్కువ. మీ ఆటోపైలట్ నావ్ మోడ్‌లో పాములా పోయినా కొంప మునగదు. ఆ డబ్బుతో శిక్షకుడితో పది గంటలు ఎగరండి.

రెండేళ్లలో అమ్మేద్దామనుకుంటే మొదటి రెండు దారులు దాటి పోవద్దు. ప్యానెల్‌లో పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు మొత్తం తిరిగి రాదు.

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉండి, ఒంటరిగా మబ్బుల్లో పోయేవాళ్ల సంగతి వేరు. అప్రోచ్ ముందు ఆ పది నిమిషాల్లో రేడియో, చార్టు, ఇంధనం, వాతావరణం అన్నీ ఒక్క మనిషే చూసుకోవాలి. హోల్డింగ్‌లోకి ఎలా ప్రవేశించాలన్న టెన్షన్ జీపీఎస్ తీసుకుంటే అదే పెద్ద ఊరట. ఆటోపైలట్ బాగుంటే మూడో దారి, దానికి ఇప్పటికే రిపేర్ల మీద రిపేర్లు వస్తుంటే నాలుగోది. పాత ఆటోపైలట్ కంప్యూటర్‌ను రెండోసారి రిపేరుకు పంపుతున్నారంటే ఆ బిల్లును కొత్తదాని ఖాతాలో వేసుకుని ఆలోచించండి.

మన దేశంలో శిక్షణలో ఉన్న పిల్లలకు కొనే అవసరం ఉండదు, తెలుసుకునే అవసరం ఉంటుంది. జీ1000, జీఎఫ్‌సీ 700 ఉన్న సెస్నా 172 మీద నేర్చుకుంటున్నారా? అందులో జీపీఎస్ స్టీరింగ్ నావ్ మోడ్‌లోనే కలిసిపోయి ఉంది. రేపు ఉద్యోగానికి వెళ్లిన చోట పాత ఆటోపైలట్, స్విచ్ ఉన్న కన్వర్టర్ ఎదురైతే అదే నావ్ బటన్ ఇంకో రకంగా ప్రవర్తిస్తుంది. ఎక్కిన ప్రతి విమానంలో "ఇప్పుడు దీన్ని నడిపేది బగ్గా, సూదా, జీపీఎస్సా?" అని అడగడం అలవాటు చేసుకోండి.

భారత్‌లో ఎగిరేవాళ్లకు ఇంకో మాట. జీపీఎస్ స్టీరింగ్‌కు గగన్ (మన దేశపు వాస్ లాంటిది) తప్పనిసరి కాదు, మామూలు జీపీఎస్ స్థానంతోనూ అది దారి పడుతుంది. కానీ ఎత్తుతో సహా దింపే ఎల్‌పీవీ అప్రోచ్ చేయాలంటే మన ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టిన గగన్ సంకేతం కావాలి. గగన్‌కు 2013 చివర్లో ప్రయాణ మార్గాలకూ, 2015లో ఎత్తుతో కూడిన అప్రోచ్‌లకూ ధ్రువీకరణ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్‌తో ఎల్‌పీవీ అప్రోచ్ చేసి దిగింది. మీ జీపీఎస్ సెట్టింగుల్లో గగన్ ఎంపిక ఉందో లేదో షాపులోనే చూపించమనండి.

ఏ దారి ఎంచుకున్నా, జీపీఎస్ స్టీరింగ్‌కు దారి తెలుసు కానీ దారిలో ఏముందో తెలియదు. చెన్నై విమానాశ్రయం నుంచి నెల్లూరుకు నేరుగా గీత గీస్తే అది శ్రీహరికోటకు పదహారు కిలోమీటర్లు పడమరగా పోతుంది. శ్రీహరికోట పైన ఆంక్షలున్న గగనతలం ఉంది. రాకెట్ ప్రయోగం రోజుల్లో నోటామ్ (పైలట్లకు హెచ్చరిక) ఇచ్చి ఇంకా పెద్ద ప్రాంతం మూసేస్తారు. మీరు పెట్టిన వేపాయింట్లు అందులోంచి పోతుంటే ఆటోపైలట్ ఏమాత్రం తడబడకుండా అందులోకే తీసుకెళ్తుంది. నకిలీ సంకేతాల సంగతీ అంతే. ఢిల్లీ పరిసరాల్లో జీపీఎస్ స్పూఫింగ్ జరిగిందని 2025 చివర్లో పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు పార్లమెంటులో చెప్పారు. జీపీఎస్ తప్పు చోటు చూపితే స్టీరింగ్ ఆ తప్పు చోటికే పోతుంది. సంకేతం పూర్తిగా పోతే సాధారణంగా రెక్కలు సమం చేసి నేరుగా పోతుంది, మలుపు దగ్గర అలా జరిగితే మీరు చూసుకోవాలి.

మా వాళ్లకు ఏం చెప్పాను?

వాళ్ల ఆర్చర్‌లో ఉన్నది ఎస్-టెక్ 30, జీఎన్ఎస్ 430డబ్ల్యూ. సర్వోలు బాగున్నాయి, హెడింగ్ మోడ్ పరీక్షలో విమానం చక్కగా నిలిచింది. నలుగురిలో ఇద్దరు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చదువుతున్నారు. డైరెక్షనల్ గైరో మాత్రం గంటకు ఇరవై డిగ్రీలు జారుతోంది. అది చూశాక నాకు సందేహం లేదు. ఆ గైరోను రిపేరుకు పంపి, పక్కన కన్వర్టర్ కొనడం కన్నా జీ5 హెచ్ఎస్ఐ, జీఏడీ 29బీ పెట్టుకోమన్నాను. వాళ్ల ఆటోపైలట్ టర్న్ కోఆర్డినేటర్‌ను చూసేది కాబట్టి కళ్లు పోయే సమస్య రాదు. టర్న్ కోఆర్డినేటర్‌ను మాత్రం ప్యానెల్ నుంచి తీయొద్దని రెండుసార్లు చెప్పాను. ఎల్‌పీవీ అప్రోచ్‌లో కిందిదాకా దింపే కొత్త ఆటోపైలట్ మాట, రేటింగ్ వచ్చి నిజంగా మబ్బుల్లో ఎగరడం మొదలుపెట్టాక ఆలోచించుకోవచ్చు.

బిగించాక మొదటిసారి ఎగిరేటప్పటి కోసం నేను రాసి పంపిన వరుస ఇది. వాతావరణం బాగున్న రోజు, పక్కన ఇంకో పైలట్‌తో వెళ్లండి. ముందు నేల మీద జీ5 మెనూలో హెడింగ్, జీపీఎస్ రెండూ మార్చి, బగ్ తిప్పి, యోక్ (నడిపే హ్యాండిల్) ఎప్పుడు కదులుతోందో ఎప్పుడు కదలట్లేదో చూడండి. యోక్‌ను చేత్తో గట్టిగా తిప్పి ఆటోపైలట్‌ను ఓడించగలుగుతున్నారో చూడండి. డిస్‌కనెక్ట్ బటన్ నొక్కండి, ట్రిమ్ స్విచ్‌తోనూ, బ్రేకర్‌తోనూ ఆపి చూడండి. పైకి వెళ్లాక నేరుగా ఒక లెగ్, 30 డిగ్రీల మలుపు, 90 డిగ్రీల మలుపు, చివర 120 డిగ్రీల మలుపు. ఎక్కడ దాటిపోయిందో కాగితం మీద రాసి గెయిన్ సర్దడానికి షాపుకు ఇవ్వండి. హోల్డింగ్ ఒకటి పూర్తిగా తిరిగి రండి. మధ్యలో పక్కనున్న పైలట్‌ను హఠాత్తుగా "హెడింగ్ 270" అనమనండి, జీపీఎస్ నుంచి హెడింగ్‌కు మార్చి బగ్ తిప్పడానికి మీకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టించండి. దిగాక ఫ్లైట్ మాన్యువల్‌లో కొత్త అనుబంధం పెట్టారో లేదో తెరిచి చూసుకుని, అప్పుడు బిల్లు కట్టండి.